ఎనిమిది వరసల పెట్టె

నోటి అద్దాలు అయిపోయాయి, ఇక పట్టకార్లు మిగిలాయి. భూతద్దమక్క ఒంటి బరువును కుడి కాలి మీది నుంచి ఎడమ కాలి మీదికి మార్చుకుని, కుళాయి కింద బ్రష్షు తడిపి, పట్టకారు నోరు తెరిచి తోమడం మొదలుపెట్టింది. ఉదయం పూట మోకాళ్లు ఆమె మాట వినవు. పదకొండు దాటితే గాని దారికి రావు. ఆ సింకును ఎవరో పొడుగాటి మనిషిని మనసులో పెట్టుకుని కట్టారు, ఆమేమో కురచ మనిషి. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే కాళ్ల కింద ఒక చెక్క పీట వేసుకుంది. ఇరవై ఆరేళ్లలో ఆ పీట మధ్యలో రెండు పాదాల పల్లం పడింది.

మూడు కుర్చీల పంటి ఆస్పత్రి అది. ముందు జనం కూర్చునే గది, దాని వెనక డాక్టర్ల గదులు, అన్నిటికీ వెనక ఈ కడుగుడు గది. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు. ఒక పక్క సింకు, ఒక పక్క పనిముట్లను ఆవిరిలో ఉడికించే యంత్రం, మధ్యలో కిటికీ. కిటికీ పక్కన మేకుకు నల్లతాడుతో వేలాడే భూతద్దం. ఆ అద్దం వల్లే ఆమెకు ఆ పేరు వచ్చింది. అసలు పేరు కూడా ఒకటుంది, కానీ జీతం కాగితం మీద తప్ప దానితో ఎవరికీ పనిపడలేదు.

ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. అరవై నిండాయి. "సభలు పెట్టి ఉపన్యాసాలు చెబుతామంటే ఇప్పుడే పోతాను" అని వారం కిందటే అందరినీ బెదిరించింది. ఆమె అన్నంత పనీ చేసే మనిషి కాబట్టి ఎవరూ ఆ ప్రయత్నం చేయలేదు. మామూలు రోజులాగే వచ్చి, మామూలు రోజులాగే పట్టకార్లు తోమి, సాయంత్రం అయిదింటికి వెళ్లిపోవాలని ఆమె కోరిక. మనం కోరుకున్నట్టే జరిగితే ఇంకేం కావాలి?

"అక్కా, ఒకసారి ఆ పెట్టె మూత తీసి చూడండి" అంది వెనక నుంచి దారాలావిడ.

దారాలావిడ ఆమె స్థానంలోకి వచ్చిన మనిషి. నలభై ఏళ్లుంటాయి. దారాలూ గుండీలూ అమ్మే దుకాణంలో పదిహేనేళ్లు పనిచేసింది. ఆ దుకాణం మూతపడ్డాక ఆరు నెలలు ఇంట్లో కూర్చుని, పది రోజుల కిందట ఇక్కడ చేరింది. చేతివేళ్లు సన్నగా, చురుగ్గా ఉంటాయి. చెప్పిన పని రెండోసారి చెప్పించుకోదు. ఒక్కోసారి చెప్పని పని కూడా చేసేస్తుంది.

"ఏముంది అందులో, పాముపిల్లలా?" అంటూ భూతద్దమక్క చేతులు తుడుచుకుని, బల్ల మీదున్న చిల్లుల స్టీలు పెట్టె మూత ఎత్తింది.

ఇక్కడ కాస్త ఆగి ఆ పెట్టె సంగతి చెప్పాలి. లేకపోతే ఆమె ముఖం ఎందుకలా పాలిపోయిందో తెలియదు.

పంటి లోపల, వేరు చివరిదాకా, సన్నటి కాలువ ఉంటుంది. నరం చచ్చి చీము పడితే ఆ కాలువను లోపలి నుంచి తోమి, శుభ్రం చేసి, మూసేస్తారు. దాన్నే రూట్ కెనాల్ అంటారు. ఆ తోమే పనిముట్టు పేరు ఫైలు. కమ్మరి ఆకురాయిని వెంట్రుకంత సన్నం చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒళ్లంతా మెలికలు, పైన రంగు పట్టీ వేసిన చిన్న పిడి. తెలుపు, పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు. రంగు చూస్తే లావు తెలుస్తుంది. పిడిని మోటారుకు తగిలిస్తే నిమిషానికి మూడు వందల చుట్లు తిరుగుతుంది. వంచితే వంగుతుంది, వదిలితే ఏమీ ఎరగనట్టు నిటారుగా నిలబడుతుంది. కాలువ ఎటు వంగితే అటు వంగి తిరుగుతుంది. ఆ మంచితనమే చివరికి దాని ప్రాణం మీదికి తెస్తుంది.

ఫైలుకు రెండు రకాల చావులున్నాయి. మొన ఎక్కడో ఇరుక్కుని పైన మోటారు తిరుగుతూనే ఉంటే మెలికలు విడిపోతాయి. అది భూతద్దంలో కనిపిస్తుంది, తీసి పారేయొచ్చు. రెండోది అలిసిపోవడం. వంకర కాలువల్లో వంగి తిరిగి, తిరిగి, ఒకరోజు ఉలుకూ పలుకూ లేకుండా పుటుక్కుమంటుంది. అంతకు ముందు నిమిషం చూసినా కొత్తదానిలా తళతళలాడుతూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. దాన్ని పట్టుకునే అద్దం ఆ ఆస్పత్రిలో లేదు.

ఈ సంగతి భూతద్దమక్క పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చేరిన నాలుగో ఏట ఒక పంతులమ్మ పంట్లో ఫైలు విరిగింది. ఆ ఉదయం ఆ ఫైలును అద్దం కింద పెట్టి చూసి, "కొత్తదానిలా ఉంది సార్" అని తానే అందించింది. మూడు మిల్లీమీటర్ల ముక్క వేరు చివర ఇరుక్కుపోయింది. పెద్ద డాక్టరుగారు గంటన్నర సేపు ప్రయత్నించారు, రాలేదు. ఏడాది తిరిగేసరికి ఆ పన్ను పీకేయాల్సి వచ్చింది. పంతులమ్మ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. పోతూ పోతూ, "చేతిలో పని కదమ్మా, జరుగుతుంటాయి" అని భుజం తట్టి వెళ్లింది. తిట్టి ఉంటే బాగుండేదని భూతద్దమక్కకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి భర్తకు చెప్పుకుంది. ఆయన సైకిళ్లు బాగుచేసే మనిషి. చేతికున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ విన్నాడు.

"స్పోకు కూడా అంతేనే. గుంతలో పడ్డప్పుడు విరగదు. వంద గుంతలు ఓర్చుకుని మర్నాడు చదును రోడ్డు మీద విరుగుతుంది. చూస్తే తెలియదు. ఎన్ని గుంతలు తిన్నదో లెక్క తెలిస్తేనే తెలుస్తుంది."

"మీకు తెలుస్తుందా లెక్క?"

"నాకెలా తెలుస్తుంది? అందుకేగా వచ్చిన సైకిలే మళ్లీ మళ్లీ వస్తుంది" అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. మర్నాటి నుంచి లెక్క మొదలుపెట్టింది. పుస్తకంలో రాద్దామంటే కుదరలేదు. ఫైళ్లన్నీ ఒక్క పోలికే, ఏది ఏదో ఎలా తెలుస్తుంది? అప్పుడు ఆ స్టీలు పెట్టె చిల్లులు కనిపించాయి. మొత్తం ఎనిమిది వరసలు. కొత్త ఫైలు మొదటి వరసలో గుచ్చుతుంది. ఒక పన్ను చేసి వస్తే, కడిగి రెండో వరసలో. వంకర వేరున్న పన్ను చేసి వస్తే ఒకటి కాదు, రెండు వరసలు కిందికి. ఎనిమిదో వరస దాటిందంటే, ఎంత తళతళలాడినా, సూదులు పారేసే డబ్బాలోకే. పెట్టెను పెట్టెపళంగా ఆవిరి యంత్రంలో పెట్టొచ్చు కాబట్టి వరసలు చెదరవు. ఏ వరసలో ఏ చిల్లు ఖాళీ ఉంటే అందులో గుచ్చేది. అందుకని పసుపు పక్కన నలుపు, నలుపు పక్కన తెలుపు, చూసేవాళ్లకు అంతా చిందరవందరే. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో ఆ ఆస్పత్రిలో ఒక్క ఫైలు కూడా ఎవరి పంట్లోనూ విరగలేదు.

అయితే ఈ వరసల రహస్యం ఆమె ఎవరికీ చెప్పలేదు. మొదట్లో దాచాలని కాదు. వరసలు పెట్టిన కొన్నాళ్లకు, పారేయబోతున్న ఒక ఫైలును పెద్ద డాక్టరుగారు ఆమె చేతిలోంచి తీసుకోబోయారు. అలవాటుగా దాన్ని అద్దం కిందికి ఎత్తి, "ఇది వద్దు సార్, విరుగుతుంది" అంది. ఆయన నవ్వి, కుర్రడాక్టర్లు చేయి అలవాటు చేసుకునే ప్లాస్టిక్ దిమ్మెలో దాన్ని తిప్పి చూశారు. నిమిషంలో విరిగింది. ఆయన నోరు తెరిచారు. అది చివరి వరస ఫైలనీ, రెండు వంకర పళ్లు చేసొచ్చిందనీ ఆ పూటే చెప్పాల్సింది. రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాటికి ఆస్పత్రంతా ఆ కథ పాకింది. "అక్క కన్ను పడితే చాలు" అన్నారు. ఇంట్లోగానీ బయటగానీ ఆమెను అంతకు ముందు ఎవరూ గొప్పదని అన్న పాపాన పోలేదు. ఆ మాట తీయగా ఉంది. ఆ తీపి కోసం నోరు మూసుకుంది.

దారాలావిడకు పది రోజులుగా అన్నీ నేర్పింది. బ్రష్షు పట్టడం, ఆవిరి యంత్రం మీట, చేతికి గుచ్చుకోకుండా సూదులు పారేసే తీరు. వరసల సంగతి మాత్రం చివరి రోజు చెబుదామని పక్కన పెట్టింది. ఆ చివరి రోజు ఇదే. ఇంకో గంటలో చెప్పేదే.

ఇప్పుడు పెట్టెలో పసుపు పిడులన్నీ ఒక వరస. ఎరుపువన్నీ ఒక వరస. తెలుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు, ఒక్కో రంగుకు ఒక్కో వరస, మొత్తం నలభై ఫైళ్లు. అడుగున రెండు వరసలు అందం కోసం ఖాళీగా వదిలింది. ఇంద్రధనస్సును కొలతలు తీసి కుట్టినట్టుంది.

"పొద్దున్నే ఏడింటికే వచ్చాను. మీరు వెళ్లే రోజు కదా, చూపించాలని. ఎంత కలగాపులగంగా ఉన్నాయనుకున్నారు! మా దుకాణంలో అయితే యజమాని చీవాట్లు పెట్టేవాడు. ఇప్పుడు పసుపు అంటే పసుపు, ఎరుపు అంటే ఎరుపు, చటుక్కున తీసి ఇవ్వొచ్చు."

భూతద్దమక్క పెట్టె మీదికి వంగి ఒక్కో వరసా చూసింది.

"బాగాలేదా అక్కా?"

"ఏది ఎక్కడి నుంచి తీశావో గుర్తుందా?"

"అన్నీ ఒక గిన్నెలో వేసుకుని, రంగులు ఏరి..." దారాలావిడ ఆమె ముఖం చూసి ఆగింది. "ఏమైందక్కా? చేయకూడని పని చేశానా?"

ఆమె జవాబు చెప్పేలోపే తలుపు తెరుచుకుంది. పెద్ద డాక్టరుగారు మాస్కు గడ్డం కిందికి లాగి లోపలికి తొంగి చూశారు. డెబ్బై దగ్గర పడుతున్న మనిషి, చేయి మాత్రం ఇంకా వణకదు.

"అమ్మా, బస్సు డ్రైవరుగారు వచ్చారు. మత్తు ఇచ్చేశాను. కింది దవడ, వెనక పన్ను, వేరు కొక్కెంలా ఉంది. రేపటి నుంచి ఆయన నాలుగు రోజుల డ్యూటీకి వెళ్లాలట. మంచివి మూడు ఏరుకుని రా. నీ కన్నుతో ఏరేది ఇదే ఆఖరుసారి" అని కాస్త దిగులుగా నవ్వి వెళ్లిపోయారు.

భూతద్దమక్క మేకు మీది అద్దం తీసుకుని, ఒక ఎర్రపిడి ఫైలును కిటికీ వెలుగులో పట్టుకుంది. మెలికలన్నీ సరిగ్గా ఉన్నాయి. మెరుస్తోంది. ఇంకొకటి తీసింది. అదీ అంతే. ఇంకొకటి. అవన్నీ ఆమెకు ఎరుకే, అన్నిటినీ చేత్తో కడిగింది, కానీ ఒక్కటి కూడా ఆమెను గుర్తుపట్టనట్టే ఉంది. ఇందులో ఒకటి నిన్ననే ప్యాకెట్టులోంచి తీసింది, ఇంకొకటి ఏడో వరసలో రోజులు లెక్కపెట్టుకుంటున్నది. ఏది ఏదో చెప్పడం ఆమె తరం కాదు. ఎవరి తరమూ కాదు.

అప్పుడొక ఆలోచన వచ్చింది. మంచి మనుషులకు కూడా వస్తుంది. నలభైలో అలిసిపోయినవి అయిదారుకు మించవు. కళ్లు మూసుకుని మూడు తీసినా బహుశా ఏమీ కాదు. సాయంత్రం అయిదింటికి ఆమె వెళ్లిపోతుంది, పేరు పేరుగానే ఉంటుంది. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఒకవేళ విరిగినా డాక్టరుగారి చేతిలో విరుగుతుంది, దారాలావిడ సర్దిన పెట్టెలోంచి విరుగుతుంది. అక్క ఉన్నన్నాళ్లూ ఇలా జరగలేదు అంటారు.

ఆ చివరి మాట మనసులో తిరిగేసరికి ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. పంతులమ్మ చేయి భుజం మీద పడినట్టయింది. పెట్టె మూత మూసి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, డాక్టరుగారి గదిలోకి నడిచింది. వెనకే దారాలావిడ.

కుర్చీలో బస్సు డ్రైవరు కాళ్లు బయటికి వేలాడేంత పొడుగ్గా ఉన్నాడు. కుర్చీ చేతులను స్టీరింగులా పట్టుకున్నాడు. డాక్టరుగారు ఆయనకు ధైర్యం చెబుతున్నారు.

"ఏం భయపడకండి. ఇదిగో, ఈవిడే నేను చెప్పింది. ఫైలును ఇలా చూసి, విరిగేది ఏదో విరగనిది ఏదో చెప్పేస్తుంది. ఇరవై ఏళ్లుగా ఒక్కటి..."

"చెప్పలేను సార్."

డాక్టరుగారు తల తిప్పారు.

"నా కంటికి ఏమీ తెలియదు సార్. ఎప్పుడూ తెలియదు. ఏ ఫైలు ఎన్ని పళ్లు చేసిందో లెక్క ఉండేది, ఈ పెట్టెలో వరసలుగా. ఆ లెక్క పొద్దున కలిసిపోయింది. ఇప్పుడు వీటిలో ఏది మంచిదో నాకు తెలియదు. ఏదీ వాడొద్దు."

దారాలావిడ గోడకు ఆనుకుని, "తప్పు నాదే సార్. నేనే రంగుల ప్రకారం సర్దేశాను" అంది. ఏప్రాను కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టుకుంటోంది. ఆరు నెలలు ఇంట్లో కూర్చున్న మనిషికి పదకొండో రోజున ఉద్యోగం పోవడమంటే ఏమిటో ఆ చేతులు చూస్తే తెలుస్తుంది.

"ఆవిడకు నేను చెప్పలేదు సార్" అంది భూతద్దమక్క. "ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. చెబితే నా కన్ను గొప్పేముంటుంది? తిలా పాపం తలా పిడికెడు అంటారు గాని, ఇందులో పెద్ద పిడికిలి నాదే."

డాక్టరుగారు ఏదో అనబోయేలోపు కుర్చీలోంచి డ్రైవరు చేయి ఎత్తాడు. సగం మూతి మొద్దుబారి మాట నెమ్మదిగా వచ్చింది.

"డాక్టరుగారూ, టైరు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో తెలియకపోతే నేను బండి బయటికి తియ్యను. పైకి గీతలు బాగానే కనిపిస్తే ఏంటి? వెనకాల యాభై మంది కూర్చుంటారు. ఇక్కడ యాభై మంది లేకపోవచ్చు గానీ, నాకు ఆ పక్క నమిలే పన్ను అదొక్కటే." ఊపిరి పీల్చుకున్నాడు. "కొత్తవి తెప్పించండి. సాయంత్రం వస్తాను. ఈ సగం మూతితో ఇంటికెళ్తే మా ఆవిడకు పండగే, సగమే మాట్లాడతానని."

డాక్టరుగారు ఆయన్ను పంపించి, ఫైళ్ల కోసం ఫోను చేసి, కడుగుడు గదిలోకి వచ్చి భూతద్దమక్క చెక్క పీట మీదే కూర్చున్నారు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

"మరి ఆ ప్లాస్టిక్ దిమ్మె?"

"అది చివరి వరసది సార్. పారేయడానికే చేతిలో పట్టుకున్నా."

"ఎంతమందికి చెప్పానమ్మా ఆ కథ! చేరిన ప్రతి కుర్రడాక్టరుకూ చెప్పాను. సభల్లో మైకు పట్టుకుని చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు."

ఆమె తల ఎత్తలేదు. సిగ్గు చెవులదాకా పాకింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనుకుంది మనసులో. ఆయన చాలాసేపు ఆ పెట్టె మూత తీసి, మూసి, తీసి చూశారు. వేలు పెట్టి వరసలు లెక్కపెట్టారు. ఎనిమిది.

"నెల రోజులుగా నాకు నిద్ర లేదు, తెలుసా?" అన్నారు చివరికి. "నువ్వు వెళ్లిపోతే ఆ కన్ను ఎక్కణ్ణుంచి తేను అని. కన్నయితే నీతోపాటు ఇంటికెళ్లిపోయేదే. వరసలయితే ఇక్కడే ఉంటాయి కదమ్మా."

భూతద్దమక్క ఆయన ముఖంలోకి చూసింది. కోపం లేదు. మోసపోయిన మనిషి ముఖం కాదు అది, వాన వెలిసిందని వాకిట్లోకి వచ్చిన మనిషి ముఖం. ఆయన పీట మీది నుంచి లేవడానికి దారాలావిడ చేయి అందించాల్సి వచ్చింది. లేచి, ఆమెతో "నీ ఉద్యోగం ఎక్కడికీ పోలేదు. ముందు ఆవిడ దగ్గర లెక్క నేర్చుకో" అని చెప్పి వెళ్లారు.

నలభై ఫైళ్లనూ భూతద్దమక్క తన చేత్తోనే సూదుల డబ్బాలో వేసింది. ఒక్కొక్కటే టిక్కు టిక్కుమని పడ్డాయి. అందులో చాలావాటికి ఇంకా ఆయుష్షు ఉందని ఆమెకు తెలుసు. ఆ బాధ బాధే. కానీ ఏ ఒక్కటి అలిసిపోయిందో తెలియనప్పుడు అన్నీ అలిసిపోయినట్టే.

దారాలావిడ కళ్లు తుడుచుకుంటుంటే, "ఏడుపు తర్వాత. ఇలా రా" అని పెట్టె ముందు నిలబెట్టింది. వరసల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. పంతులమ్మ గురించి చెప్పింది. స్పోకు గురించి చెప్పింది. మామూలు పన్నుకు ఒక వరస, వంకర పన్నుకు రెండు. దారాలావిడ వేళ్లు ఖాళీ చిల్లుల మీద నెమ్మదిగా కదిలాయి.

"అంటే రంగు ఒకటే అయినా తొట్టి వేరన్నమాట" అంది.

"ఏ తొట్టి?"

"మా దుకాణంలో దారానికి రంగు అద్దే తొట్టి, అక్కా. ఒకే ఎరుపు రెండు తొట్లలో అద్దితే చూడ్డానికి తేడా ఉండదు. కలిపి ఒకే బట్టకు ఇచ్చామా, ఉతికాక బయటపడుతుంది. కుట్టినవాళ్లు వచ్చి తిట్టేవాళ్లు. అందుకని ఉండ అడుగున తొట్టి నంబరు చూడకుండా ఇవ్వకూడదు." ఆమె నొసటి మీద కొట్టుకుంది. "పదిహేనేళ్లు అదే పని చేసి, ఇక్కడికొచ్చి రంగు ఒక్కటే చూశాను చూడండి."

భూతద్దమక్క ఉదయం నుంచి మొదటిసారి నవ్వింది. పది రోజుల్లో తాను నేర్పినదానికంటే ఎక్కువ ఈ మనిషి దారాల దుకాణంలోనే నేర్చుకుని వచ్చింది. ఇన్నాళ్లూ అడగకపోవడం తన బుద్ధి తక్కువ.

"వంకర అని మనకెలా తెలుస్తుందక్కా?"

"కాగితాలతోపాటు ఎక్స్‌రే వస్తుంది. కిటికీకి పెట్టి చూసుకో. అడగడానికి సిగ్గుపడకు. డాక్టర్లు విసుక్కుంటారు, విసుక్కోనీ."

ఇద్దరూ కలిసి మధ్యాహ్నం డబ్బాలు తెరిచి తిన్నారు. పాత ఎక్స్‌రేలు పది కిటికీ అద్దానికి ఆనించి, ఏది తిన్నన, ఏది వంకర అని ఆడుకున్నట్టు చెప్పుకున్నారు. దారాలావిడ రెండు తప్పు చెప్పింది. మిగతావి సరిగ్గానే చెప్పింది.

మూడింటికి కొత్త ఫైళ్లు వచ్చాయి. దారాలావిడ వాటిని ప్యాకెట్లలోంచి తీసి, ఆవిరి పట్టి, మొదటి వరసలో గుచ్చింది. తెలుపు, పసుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, నలుపు. నాలుగింటికి డ్రైవరు వచ్చాడు, ఈసారి మూతి పూర్తిగా ఉంది, మాటలూ పూర్తిగానే ఉన్నాయి. మత్తు ఇచ్చాక గాని ఆగలేదు. పసుపు, ఎరుపు, నీలం పిడులు లోపలికి వెళ్లాయి. భూతద్దమక్క తలుపు దగ్గర నిలబడి విన్నది. మోటారు తుమ్మెదలా ముక్కుతో పాడుతోంది. కొక్కెం దగ్గరికి వచ్చినప్పుడు ఆ పాట కాస్త బరువెక్కింది. ఆమె ఊపిరి బిగబట్టింది. ఇరవై రెండేళ్లుగా ఆ చోట ఆమె అలాగే బిగబట్టి వింటుంది. పాట మళ్లీ తేలికయింది. కాసేపటికి డాక్టరుగారు సన్నగా ఈల వేయడం వినిపించింది. కాలువ చివరిదాకా చేరితే గాని ఆయన ఈల వేయరు.

అయిదింటికి పదినిమిషాలుండగా వాడిన పనిముట్ల పళ్లెం కడుగుడు గదిలోకి వచ్చింది. దారాలావిడ పీట పక్కకు జరిపి సింకు ముందు నిలబడింది. ఆమెకు పీట అక్కర్లేదు, పొడుగు మనిషి. సింకు ఎవరిని మనసులో పెట్టుకుని కట్టారో ఇన్నాళ్లకు తెలిసినట్టయింది.

భూతద్దమక్క ఏప్రాను విప్పి మడతపెట్టింది. భూతద్దం మేకుకే ఉంది. సంచిలో వేసుకోబోయి ఆగింది.

"ఇది కూడా ఉండాలి. మెలిక విడినవి దీనిలోనే కనిపిస్తాయి. చూపు ఒక్కటే చాలదు, లెక్క ఒక్కటే చాలదు."

"అలాగేనక్కా."

బయట సైకిలు గంట రెండుసార్లు మోగింది. భర్త వచ్చాడు. రేపటి నుంచి ఆయన దుకాణంలో కూర్చుని స్పోకుల లెక్క మొదలుపెడతానని బెదిరించి ఉంచింది. "అమ్మో, అప్పుడిక నా దగ్గరికి సైకిళ్లెక్కడ వస్తాయే" అని ఆయన బాధపడుతూనే, ఆమె కోసం ఒక కుర్చీ కూడా చేయించాడు. మోకాళ్లకు సరిపోయే ఎత్తులో.

డ్రైవరు వెళ్తూ వెళ్తూ ఆమెకు బొటనవేలు ఎత్తి చూపాడు. డాక్టరుగారు తలుపు దాకా వచ్చి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆస్పత్రి మెట్లు నాలుగు. మొదటి మెట్టు మీద ఉండగా వెనక నుంచి పిలుపు వినిపించింది.

"అక్కా, కడిగి సర్దేశాను. ఒకసారి చూసి వెళ్లరా?"

కాలు తనంతట తానే వెనక్కి తిరగబోయింది. ఇరవై ఆరేళ్ల అలవాటు మరి. రెండు అడుగులు వేస్తే పెట్టె కనిపిస్తుంది. సరిగ్గా పెట్టిందో లేదో క్షణంలో తెలుస్తుంది. ఆమె రెయిలింగు గట్టిగా పట్టుకుంది.

"వద్దమ్మా" అంది తల తిప్పకుండానే. "ఇక నా కన్నుతో పనేముంది?"

మిగిలిన మూడు మెట్లు ఒక్కొక్కటే దిగింది. సైకిలు వెనక సీటు మీద ఒక పక్కకు తిరిగి కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకుంది. "బరువు తగ్గావే" అన్నాడు ఆయన తొక్కుతూ. "అవును" అంది. వీధి మలుపులో సైకిలు గంట మరోసారి మోగి వినబడకుండా పోయింది.

కడుగుడు గదిలో బల్ల మీద స్టీలు పెట్టె మూత తీసే ఉంది. మొదటి వరసలో తెలుపు, ఆకుపచ్చ, నలుపు పిడులు ఎవరూ ముట్టుకోకుండా ఉన్నాయి. రెండో వరస ఖాళీ. మూడో వరసలో పసుపు, ఎరుపు, నీలం పిడులు మూడూ పక్కపక్కనే, తడి ఆరుతూ, నిటారుగా నిలబడి ఉన్నాయి.